చివరి అంశం దాకా ఎవరుంటారు?

(ఐక్యరాజ్యసమితి దినోత్సవం సందర్భంగా 2025 అక్టోబర్ 24న నల్లగొండలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తోటి రిటైర్డ్ ఉద్యోగులకు, డిగ్రీ కాలేజీల నుంచి వచ్చిన పిల్లలకు నమస్కారం.

ఐక్యరాజ్యసమితి పుట్టి ఇవాళ్టికి సరిగ్గా ఎనభై ఏళ్లు. దాని గురించి మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు కొంచెం టెన్షన్ పడ్డాను. నేను ప్రొఫెసర్‌ను కాను, న్యూయార్క్ చూసినవాణ్ణి కాను. మండల పరిషత్ ఆఫీసుల్లో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషిని. కానీ ఆ ముప్ఫై ఏళ్లలో నేను ఎక్కువగా చేసిన పని సర్వసభ్య సమావేశాలకు ఎజెండా తయారు చేయడం, మినిట్స్ రాయడం. సభ ఎక్కడ దారి తప్పుతుందో మినిట్స్ రాసేవాడికి తెలిసినంతగా మాట్లాడేవాళ్లకు తెలియదు. ఆ అనుభవంతోనే 193 దేశాల సభ గురించి మాట్లాడతాను.

ముందు ఒక సమావేశం సంగతి చెప్తాను. ఏ మండలమో చెప్పను. ఎజెండాలో ఇరవై రెండు అంశాలు. తాగునీళ్లు పందొమ్మిదోది. ఫ్లోరైడ్ ఊరి నుంచి ఒక మహిళా సర్పంచ్ పొద్దున పదిన్నరకే వచ్చి వెనక వరుసలో కూర్చుంది. చేతిలో ప్లాస్టిక్ సీసా, అందులో వాళ్ల ఊరి బోరు నీళ్లు. సభ మొదలవగానే వేదిక మీద ఎవరు కూర్చోవాలన్న గొడవ. అది తేలేసరికి గంట. మొదటి రెండు అంశాల మీద పెద్ద నాయకులిద్దరు మాట్లాడారు, భోజనం టైమ్ అయింది. భోజనాలయ్యాక సగం కుర్చీలు ఖాళీ. ఆమె నా దగ్గరకు వచ్చి, "సారూ, మా నీళ్ల ముచ్చట ఎప్పుడొస్తది?" అని అడిగింది. "ఇంకా టైముందమ్మా" అన్నాను. గంట తర్వాత మళ్లీ అడిగింది. మూడోసారి రాలేదు. ఆఖరి బస్సు పోతుందని లేచి వెళ్లిపోయింది. సీసా కుర్చీ కిందనే ఉంది. సాయంత్రం ఐదు గంటలకు మిగిలిన అంశాలన్నీ ఒకేసారి చదివారు. నేను మినిట్స్ బుక్కులో 'చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని రాశాను. చర్చ జరగలేదు. ఆ వాక్యం నా చేతిరాతలో ఇప్పటికీ ఏదో బీరువాలో ఉండే ఉంటుంది.

ఆ సభలో ఎవరూ ఆమెను మాట్లాడొద్దనలేదు. ఆమె హక్కు ఎవరూ లాక్కోలేదు. టైమ్ లాక్కున్నారు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. పెద్ద సభల్లో అన్యాయం చాలావరకు ఎజెండాలో, గడియారంలో జరుగుతుంది. సభ త్వరగా సాగాలన్నా, న్యాయంగా సాగాలన్నా చేయాల్సిన పని చాలాచోట్ల ఒక్కటే.

1945లో ఐక్యరాజ్యసమితిలో 51 దేశాలు. ఇప్పుడు 193. చివరగా 2011లో దక్షిణ సూడాన్ చేరింది. అన్ని సభ్యదేశాలూ కూర్చునే సర్వప్రతినిధి సభలో ఒక దేశానికి ఒక ఓటు. నలభై వేల జనం చుట్టుపక్కల ఉండే లిక్టెన్‌స్టైన్‌కు ఒకటే, 140 కోట్ల మనకూ ఒకటే. కుర్చీల విషయంలోనైతే వాళ్లు మనకంటే మంచి పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి ఏడాదీ చీటీ తీసి ఒక దేశం పేరు ఎంచుతారు. మొదటి కుర్చీ ఆ దేశానిది, అక్కడి నుంచి ఇంగ్లీషు అక్షర క్రమంలో మిగతావాళ్లు కూర్చుంటారు. ఎవరికీ శాశ్వతంగా ముందు వరుస ఉండదు. వేదిక గొడవతో గంట పోగొట్టుకున్నవాణ్ణి కాబట్టి ఈ చీటీ పద్ధతి గురించి చదివినప్పుడు నాకు ముచ్చటేసింది.

కానీ ఓటు సమానమైతే సభ సమానమైపోదు. సర్వప్రతినిధి సభకు ఆరు ప్రధాన కమిటీలున్నాయి. నిరాయుధీకరణ ఒకటి, ఆర్థికం ఒకటి, మానవ హక్కులు ఒకటి, బడ్జెట్ ఒకటి, ఇలాగ. అక్టోబర్, నవంబర్‌లలో ఇవి ఒకేసారి నడుస్తాయి. పెద్ద దేశాలకు ఒక్కో కమిటీకి ప్రత్యేకంగా మనుషులుంటారు. పసిఫిక్‌లోని చిన్న ద్వీప దేశానికి న్యూయార్క్‌లో ఉండేది రాయబారితో కలిపి ముగ్గురో నలుగురో. ఆరు గదులకు వాళ్లు ఎట్లా పోతారు? పోయిన గదిలో కూడా పక్క గదిలో తయారవుతున్న తీర్మానం చదివే తీరిక ఉండదు. నల్లగొండ జిల్లా జనాభా 2011 లెక్కల్లో 16 లక్షలు దాటింది. అంతకంటే తక్కువ జనాభా ఉన్న సభ్యదేశాలు నలభైకి పైనే. వెనక వరుసలో సీసా పట్టుకుని కూర్చున్నది ఒక్కరు కాదు.

ఇక్కడ ఒక ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. సుమారు పదివేల మందున్న తువాలుకూ మనకూ ఒకే ఓటు ఏం న్యాయం, జనాభా లెక్కన ఓట్లివ్వొచ్చు కదా అని. నేనూ కుర్రతనంలో అట్లాగే అనుకున్నాను. కానీ జనాభాతో తూకం వేస్తే రేపు ఇంకొకరు డబ్బుతో తూకం వేద్దామంటారు. ఐక్యరాజ్యసమితి మామూలు బడ్జెట్‌లో అమెరికా వాటా 22 శాతం, చైనా వాటా ఇప్పుడు 20 శాతం దాకా వచ్చింది, మనది ఒక శాతం కంటే కాస్త ఎక్కువ. అన్నిటికంటే పేద దేశాల వాటా 0.001 శాతం. ఆ తక్కెడ ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. ఓటు జోలికి పోవద్దన్నదే నా మాట. సమానంగా లేనిది సమయం. దాన్ని సరిచేయాలి.

ఎజెండా ఎట్లా బరువెక్కుతుందో చెప్పడానికి మన ఇంటి కథే ఉంది. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భారతదేశం మీద భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. అప్పుడు మండలి పారిస్‌లో కూర్చుంది. సెప్టెంబర్ 13న సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది, 16న మండలి ఆ ఫిర్యాదు చేపట్టింది, 17న నిజాం లొంగిపోయాడు. కొద్ది రోజుల్లోనే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని నిజాం తంతి పంపాడు. 1949 మే తర్వాత దాని మీద చర్చే లేదు. అయినా 'హైదరాబాద్ ప్రశ్న' అనే అంశం మండలి పరిశీలనలో ఉన్న విషయాల జాబితాలో దశాబ్దాల తరబడి అట్లాగే ఉండిపోయింది. మధ్యలో హైదరాబాద్ రాష్ట్రమే పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, నాగార్జునసాగర్ కట్టారు, సాగర్ ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ పచ్చబడింది. జాబితాలో మాత్రం ఆ అంశం కదల్లేదు. 1996లో మండలి ఒక పద్ధతి పెట్టుకుంది. ఐదేళ్లుగా చర్చకు రాని అంశాన్ని జాబితా నుంచి తీసేయాలి, సభ్యదేశం ఏదైనా ఉంచమంటే ఉంచాలి. అంత చిన్న నిబంధన కోసం యాభై ఏళ్లు పట్టింది.

ఆ ఫిర్యాదులో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. పారిస్‌లో నిజాం ప్రతినిధి మాట్లాడాడు, భారత ప్రతినిధి మాట్లాడాడు. అప్పటికి రెండేళ్ల ముందే, 1946 జూలై 4న, నాటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీ గుండుకు చనిపోయాడు. వెట్టి చేసినవాళ్లు, భూమి పోగొట్టుకున్నవాళ్లు, రజాకార్ల దెబ్బలు తిన్నవాళ్లు ఇక్కడున్నారు. వాళ్ల మాట ఆ హాల్లో ఎవరి నోటా పూర్తిగా రాలేదు. అది రాజ్యాల సభ. మనుషులు రాజ్యాల వెనక నిలబడతారు, ఎత్తు తక్కువైతే కనిపించరు.

ఇప్పటి సంగతి చూద్దాం. ఈ ఏడాది ప్రధాన కార్యదర్శి గుటెరస్ సంస్థ పనితీరును తిరగేసి చూడమని ఒక ప్రయత్నం మొదలుపెట్టారు. అందులో బయటికొచ్చిన లెక్కలు నేను కాగితం మీద రాసుకొచ్చాను. ఒక్క 2024లో 240 సంఘాలకు కలిపి 27,000 సమావేశాలు. సచివాలయం రాసిన నివేదికలు 1,100. 1990తో పోలిస్తే ఐదో వంతు ఎక్కువ. ఆ నివేదికల్లో ప్రతి ఐదింటిలో ఒకదాన్ని వెయ్యిసార్లు కూడా ఎవరూ డౌన్‌లోడ్ చేసుకోలేదు. ప్రపంచమంతా కలిపి! ఒక నివేదిక వెనక ఎన్ని చేతులు పనిచేస్తాయో ఆఫీసులో పనిచేసినవాళ్లకు తెలుసు. ఆరు అధికార భాషల్లోకి తర్జుమా కావాలి, అచ్చు కావాలి, కమిటీకి పోవాలి. ముగ్గురున్న రాయబార కార్యాలయానికి ఆ కాగితాల కట్ట చదవడమే పెద్ద శిక్ష.

కాబట్టి మొదటి మార్పు అంశాలకు గడువు. సర్వప్రతినిధి సభ ఎజెండాలో నూటయాభైకి పైగా అంశాలుంటాయి. చాలావాటి మీద ప్రతి ఏడాదీ తీర్మానం, పోయినేడాది మాటలే కొంచెం అటూఇటూ మార్చి. ప్రతి అంశానికీ మూడేళ్ల గడువు పెట్టాలి. పొడిగించాలంటే అడిగిన దేశం లేచి, పోయిన తీర్మానంతో ఏం జరిగిందో ఒక పేజీలో చెప్పాలి. కొన్ని అంశాలను రెండేళ్లకోసారి, మూడేళ్లకోసారి చేపట్టడం ఇప్పటికే ఉంది. సభ పునరుజ్జీవనం కోసం ఒక ప్రత్యేక బృందం కూడా ఏళ్లుగా కూర్చుంటోంది. కానీ ఇష్టమున్నవాళ్లు మాత్రమే ఒప్పుకునే పద్ధతిలో ఇది తెగదు, నియమంగా పెట్టాలి. సభా నియమాలను మార్చుకునే అధికారం సర్వప్రతినిధి సభకే ఉంది. ఐదు పెద్ద దేశాల అనుమతి దానికి అక్కర్లేదు. ఈ మాట పిల్లలు రాసుకోండి. ఐక్యరాజ్యసమితిలో మార్పంటే దాని రాజ్యాంగం లాంటి చార్టర్ సవరణ అనుకుని మనం చేతులు దించేస్తాం. చార్టర్‌కు మూడింట రెండొంతుల దేశాలు కావాలి, ఐదు శాశ్వత సభ్యదేశాలూ ఒప్పుకోవాలి. భద్రతా మండలిని 11 నుంచి 15కు పెంచింది ఒక్కసారే. తీర్మానం 1963లో చేశారు, 1965లో అమల్లోకి వచ్చింది. మళ్లీ పెంచే చర్చకు 1993లో బృందం వేశారు, ముప్ఫై రెండేళ్లయింది. ఆ తలుపు దగ్గరే నిలబడి ఉంటే పక్కన తెరిచి ఉన్న తలుపులు కూడా కనబడవు.

రెండోది మాట్లాడే సమయం. 1957లో కాశ్మీర్ మీద మన కృష్ణ మీనన్ భద్రతా మండలిలో రెండు రోజుల్లో కలిపి ఎనిమిది గంటల దాకా మాట్లాడారు. 1960లో ఫిడెల్ కాస్ట్రో సర్వప్రతినిధి సభలో నాలుగున్నర గంటలు. ఆ రోజుల్లో వాటికి కారణాలుండొచ్చు. మీనన్ గారంటే నాకు గౌరవం. కానీ 193 దేశాలున్న సభలో ఒకరి నాలుగున్నర గంటలంటే పదిహేను నిమిషాల చొప్పున పద్దెనిమిది దేశాల వంతు. ఇప్పుడు సెప్టెంబర్ చర్చలో పదిహేను నిమిషాలన్నది కేవలం విన్నపం. పెద్ద దేశాల అధినేతలు గంటసేపు మాట్లాడినా ఆపేవాళ్లు లేరు. పదిహేను నిమిషాలకు మైకు కట్ చేయాలి, అందరికీ. ముందు వరుసకు ఒక గడియారం, వెనక వరుసకు ఒక గడియారం ఉండకూడదు. కమిటీల్లో ఇంకో వృథా ఉంది. జీ-77 అనే వర్ధమాన దేశాల కూటమి తరఫున ఒకరు మాట్లాడతారు. 1964లో 77 దేశాలతో మొదలై ఇప్పుడు 130 దాటిన కూటమి అది, మనమూ అందులోనే. ఒకరు మాట్లాడాక, "ఆ ప్రకటనతో ఏకీభవిస్తున్నాం" అంటూ ఒక్కొక్కరే లేచి అదే మళ్లీ చదువుతారు. కూటమి చెప్పినదాని మీద కొత్త మాట ఉంటేనే మైకు ఇవ్వాలి, మిగతాది రాతపూర్వకంగా రికార్డులోకి పోవాలి.

మూడోదానికి ఎక్కువ సమయం తీసుకుంటాను, ఎందుకంటే నా మినిట్స్ బుక్కు తప్పు ఇక్కడే ఉంది. ఏకగ్రీవం.

సర్వప్రతినిధి సభ తీర్మానాల్లో ఎక్కువ భాగం ఓటింగ్ లేకుండానే ఆమోదం పొందుతాయి. అధ్యక్షులు అడుగుతారు, ఎవరూ మాట్లాడరు, సుత్తి పడుతుంది. 2020 మార్చిలో కరోనా వచ్చి సభ కూడలేనప్పుడు ఇంకో అడుగు వేశారు. తీర్మానం ముసాయిదా అందరికీ పంపి 72 గంటలు చూసేవారు. ఎవరూ కాదనకపోతే ఆమోదమైనట్టే. దాన్ని మౌన పద్ధతి అంటారు. మౌనం అర్ధాంగీకారం అని మనమూ అంటాం. కానీ చదవడానికి మనిషి లేని దేశం మౌనానికీ, చదివి ఒప్పుకున్న దేశం మౌనానికీ తేడా లేదా?

ఈ ప్రశ్నకు జవాబు నాకు మన సాగర్ దగ్గరే దొరికింది. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల విజయపురి, అంటే ఇప్పుడు నీళ్ల మధ్య దీవిగా ఉన్న నాగార్జునకొండ లోయ, ఒక అంతర్జాతీయ స్థలం. వేర్వేరు బౌద్ధ శాఖల విహారాలు, సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం సింహళ విహారం. అంతమంది, అన్ని దేశాలవాళ్లు కలిసి బతకడానికి బౌద్ధ సంఘాలకు వినయ నియమాలుండేవి. వాటిలో పెద్ద నిర్ణయాలకు ఒక పద్ధతి ఉంది. ప్రతిపాదనను ముందు సంఘానికి వినిపించాలి. తర్వాత మూడుసార్లు అడగాలి. "ఇష్టమైనవారు మౌనంగా ఉండండి, ఇష్టం లేనివారు మాట్లాడండి" అని. మూడుసార్లు అడిగాక వచ్చిన మౌనమే అంగీకారం. వివాదమైతే శలాకలు, అంటే పుల్లలు, పంచి లెక్కపెట్టేవారు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గారు ఈ సంఘాల గురించే ప్రస్తావించి, కోరం, తీర్మానం, ఓట్ల లెక్కింపు మన దేశానికి కొత్తవి కావన్నారు.

నాకు అన్నిటికంటే నచ్చినది జబ్బుపడిన భిక్షువు గురించిన నియమం. రాలేనివాడు తన సమ్మతిని ఇంకొకరితో పంపాలి. పంపలేకపోతే అతణ్ణి మంచంతో సహా సభకు మోసుకురావాలి. మోస్తే జబ్బు ఎక్కువవుతుందంటే సంఘమే అతని దగ్గరకు పోయి అక్కడ సభ జరపాలి. అతను లేకుండా మిగతావాళ్లు కూర్చుని కానిచ్చేయడం కుదరదు. ఇది చదివిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూయలేదు. ఆఖరి బస్సుకు పోయిన ఆమె గుర్తొచ్చింది. సభే ఆమె ఊరికి పోయి ఉంటే!

193 దేశాల సభ ప్రతి దేశానికీ పోలేదు, నిజమే. కానీ మూడుసార్లు అడగగలదు. ముసాయిదాకు 72 గంటలు కాకుండా పది పనిదినాలు ఇవ్వొచ్చు. ఐదుగురి కంటే తక్కువ సిబ్బంది ఉన్న దేశాలు కమిటీలో దూరం నుంచి వీడియోలో మాట్లాడే వీలు శాశ్వతంగా ఇవ్వొచ్చు. ఆరు కమిటీలూ ఒకేసారి కూర్చోకుండా మూడేసి చొప్పున నడపొచ్చు. అంశాలు తగ్గితే దానికి వారాలు మిగులుతాయి. అందుకే మొదట గడువు అన్నాను.

చిన్నవాళ్లకు టైమ్ ఇస్తే ఏం వస్తుందని అడగొచ్చు. రెండు ఉదాహరణలు చాలు. 2010 జూలై 28న తాగునీరు, పారిశుధ్యం మానవ హక్కులని సర్వప్రతినిధి సభ తీర్మానించింది. తెచ్చింది బొలీవియా. అనుకూలం 122, వ్యతిరేకం సున్నా, తటస్థం 41. మన దేశం అనుకూలంగా ఓటేసింది. అమెరికా, బ్రిటన్, కెనడా తటస్థం. అప్పటికి 192 దేశాలు, లెక్క చూస్తే 29 దేశాలు ఓటేయలేదు. మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చినవాళ్లకు ఆ తీర్మానం విలువ నేను చెప్పాలా? లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మనవాళ్లు దానికి ఎన్నో రెట్లు తాగి ఎముకలు వంకరపోయి బతికారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్ శాస్త్రవేత్తలు మన జిల్లా పేరే పెట్టారు. 'నల్లగొండ టెక్నిక్' అని టాంజానియాలో కూడా తెలుసు. మన రోగం పేరు లోకమంతా పోయింది, నీళ్లు హక్కు అన్న మాట లోకం నుంచి మన దగ్గరకు రావడానికి 2010 దాకా పట్టింది.

రెండోది 2022 ఏప్రిల్ 26. ఇందాక చెప్పిన లిక్టెన్‌స్టైన్ ముందుండి ఒక తీర్మానం తెచ్చింది. భద్రతా మండలిలో ఎవరైనా వీటో వాడితే పది పనిదినాల్లో సర్వప్రతినిధి సభ కూడాలి, దాని మీద చర్చ జరగాలి. వీటో పోలేదు. కానీ వాడిన దేశం 193 దేశాల ముందు కారణం చెప్పుకోవాల్సి వస్తోంది. మన మిర్యాలగూడ పట్టణంలో సగం కూడా జనం లేని దేశం ఆ పని చేసింది. జనాభాతో ఓట్లు తూచి ఉంటే ఆ దేశం మాట ఎవరు వినేవారు?

వెనక వరుసలో మహిళలూ ఉన్నారు. సర్వప్రతినిధి సభ ఎనభై వార్షిక సమావేశాల్లో అధ్యక్షత వహించిన మహిళలు ఐదుగురే. మొదటివారు మన విజయలక్ష్మి పండిట్, 1953లో. ఐదోవారు 2025లో అధ్యక్షురాలైన అన్నలేనా బేర్‌బాక్. ప్రధాన కార్యదర్శులు తొమ్మిది మంది, తొమ్మిది మందీ మగవాళ్లే. 2026 డిసెంబర్ 31తో గుటెరస్ పదవీకాలం అయిపోతుంది. ఎంపిక భద్రతా మండలి తలుపుల వెనక జరుగుతుంది, ఒక్క పేరు సభకు వస్తుంది, సభ చప్పట్లు కొడుతుంది. 2016లో అభ్యర్థులు సభ ముందుకు వచ్చి బహిరంగంగా ప్రశ్నలకు జవాబులు చెప్పే పద్ధతి మొదలైంది. ఈసారి రెండు మూడు పేర్లు పంపమని సభ గట్టిగా అడగాలి.

పిల్లలూ, ఒక్క మాట. మన ఊళ్లలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లోనే ముగిసింది. ఆ తర్వాత ఏడాదిన్నరకు పైగా ఎన్నికల్లేక ప్రత్యేకాధికారులే నడిపారు. గ్రామసభ కూడిన రోజు మీరు వెళ్లండి. ఎజెండా కాగితం అడగండి, నీళ్లు ఎన్నో అంశమో చూడండి.

నాకిచ్చిన సమయం అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి. వెనక వరుస నుంచి మొదలుపెడదాం. ఆ కిటికీ పక్కన కూర్చున్న అమ్మా, మీరు చెప్పండి.